గోదాదేవి పొరుగూరి పాఠకులకు ఏ ప్రేమకథ ఇవ్వాలి?

రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు పది పన్నెండు కిలోమీటర్లు. బస్సు ఇంకా ఊళ్ళోకి రాకముందే పదకొండు అంతస్తుల గోపురం కనిపిస్తుంది. 192 అడుగుల ఎత్తు. తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది ఆ గోపురమేనని జనం చెప్పుకుంటారు. ఆ కోవెలలో కొలువున్నది దేవుణ్ణి ప్రేమించి, ఆ ప్రేమను పాటలుగా పాడి, చివరికి ఆయన్నే పెళ్ళాడిందని లోకం నమ్మే అమ్మాయి. తమిళులకు ఆండాళ్, తెలుగువాళ్ళకు గోదాదేవి. మార్గళి నెల వచ్చిందంటే ఆమె తిరుప్పావై 30 పాశురాలు తెల్లవారుజామునే ఈ ప్రాంతమంతా మోగుతాయి. తిరుమలలోనైతే ఆ నెల రోజులూ సుప్రభాతాన్ని పక్కన పెట్టి మరీ తిరుప్పావైతో స్వామిని మేల్కొలుపుతారు.

రాజపాళయం రాజుల ఇళ్ళలో మాట తెలుగు. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డామని వాళ్ళ పెద్దలు చెప్పుకుంటారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు పోలేదు. చదువు మాత్రం తమిళంలో. అందుకే తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు అక్షరం చదవలేని పాఠకులు ఈ ఊళ్ళో చాలామంది. అలాంటి ఊళ్ళో ఒకరు తోటి పాఠకుణ్ణి పట్టుకుని, "మంచి నవల ఏదైనా ఉంటే చెప్పండి. ప్రేమకథ అయినా సరే, కానీ నిజంగా జరిగినట్టుండాలి" అని అడిగారనుకుందాం. పైకి మామూలు ప్రశ్నే. కానీ మార్గళి చలిలో స్నానం చేసి తిరుప్పావై చదివే పెద్దమ్మ చేతికి చలం 'మైదానం' ఇవ్వొచ్చా? ఇస్తే ఆమె భక్తికి ఏమైనా లోటా? ఇవ్వకుండా దాచిపెడితే, ఆమె ఏది తట్టుకోగలదో ఏది తట్టుకోలేదో తేల్చే హక్కు మనకెవరిచ్చారు?

ఈ చిక్కు కొత్తది కాదు. కావ్యాల ఊసు వద్దని చెప్పే నిషేధం ఒకటి మన సంప్రదాయంలో చాలా కాలంగా ఉంది. కల్పిత కథలు మనసును చెదరగొడతాయని, ధర్మం తెలుసుకోవాలంటే శాస్త్రం చదవాలని దాని ఉద్దేశం. దీనికి అందరికన్నా సూటిగా జవాబు చెప్పినవాడు తెలుగువాడే. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి స్వగ్రామమంటారు. రఘువంశానికి రాసిన సంజీవని వ్యాఖ్య మొదట్లోనే ఆయన ఆ నిషేధాన్ని ఎత్తుకుని, అది చెడ్డ కావ్యాలకే వర్తిస్తుందని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. అంతటితో ఊరుకోలేదు. పార్వతీపరమేశ్వరుల దాంపత్య శృంగారాన్ని వర్ణించే కుమారసంభవం ఎనిమిదో సర్గకు కూడా వ్యాఖ్య రాశాడు. దేవుళ్ళ శృంగారాన్ని అలా వర్ణించడం ఉచితమా అని ఆలంకారికులు అప్పటికే వాదించుకుంటున్న సర్గ అది. ఆయన దాన్ని దాటవేయలేదు. పదం పదం విప్పి, సమాసం సమాసం విడదీసి, చదివేవాడి ముందు పెట్టాడు.

ఆ తర్వాత మిగిలే ప్రశ్న ఏది చెడ్డ కావ్యం, ఎవరు చెప్పాలి అన్నది. అలంకారశాస్త్రం ఇక్కడ ఒక మంచి విభజన చేసింది. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం స్నేహితుడిలా మంచి చెబుతుంది, కావ్యం ప్రియురాలిలా ఒప్పిస్తుంది అంటాడు మమ్మటుడు. కావ్యం ఎందుకు చదవాలో చెప్పడానికి ప్రేమనే సాక్ష్యంగా తెచ్చుకున్నారన్నమాట. క్రైస్తవ ప్రపంచంలో సెయింట్ అగస్టీన్ నిషేధం వైపు నిలబడ్డాడు. ప్రియుడు విడిచిపోయి ప్రాణం తీసుకున్న డిడో అనే కావ్యపాత్ర కోసం చిన్నప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నందుకు, తన ఆత్మ దేవుడికి దూరమవుతున్నా ఏడవనందుకు, ఆయన తన ఆత్మకథలో బాధపడ్డాడు. లేని మనిషి కోసం ఏడవడం దండగన్నది ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే, కొట్టిపారేయాల్సింది కాదు. కానీ ఒక పిల్లవాడు ముక్కూ మొహం తెలియని స్త్రీ దుఃఖానికి కదిలిపోవడంలో ఆత్మకు నష్టమేమిటో అంత తేలికగా బోధపడదు.

శ్రీవిల్లిపుత్తూరు కథ ఈ విషయంలో ఎంతో ధైర్యంగా మాట్లాడుతుంది. గోద తండ్రి విష్ణుచిత్తుడు రోజూ స్వామి కోసం పూలమాల కడతాడు. కూతురు ఆ మాల తాను వేసుకుని, బావిలో తన నీడ చూసుకుని, స్వామికి తగినదాన్నేనా అని మురిసిపోయి, మళ్ళీ తీసి బుట్టలో పెడుతుంది. కోవెలలో ఆ బావిని ఇవాళ్టికీ కన్నాడి కిణఱు అని చూపిస్తారు. ఒకరోజు విషయం బయటపడింది. తండ్రి తల్లడిల్లిపోయాడు. ఎవరూ తాకని కొత్త మాల కట్టి పట్టుకెళితే, స్వామి దాన్ని వద్దని, ఆ పిల్ల వేసుకుని విడిచిన మాలే కావాలన్నాడు. ఒక మనిషి ఇష్టం తగిలితే పూలు ఎంగిలైపోతాయన్న భయాన్ని దేవుడే తోసిపుచ్చిన కథ ఇది. ఆ అలవాటు ఇంకా సాగుతోంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు శ్రీవారికి వేసే మాల శ్రీవిల్లిపుత్తూరు నుంచి, ఆండాళ్ ధరించాకే వస్తుంది. ఒకరు చదివి, ఇష్టపడి, అక్కడక్కడ పేజీ మడత పెట్టి మరొకరి చేతికిచ్చే పుస్తకం కూడా అలాంటి మాలే.

కోవెలలో ఆండాళ్ ఎడమ చేతి మీద చిలుక ఉంటుంది. దాన్ని రోజూ పచ్చి ఆకులతో కొత్తగా అల్లుతారు, ముక్కుకు దానిమ్మ పువ్వు పెడతారు. గంటల తరబడి చేసే పని. రోజంతా అమ్మవారి చేతిలో ఉన్న చిలుకను తర్వాత ఒక భక్తుడికి ఇచ్చేస్తారు, మర్నాడు మళ్ళీ మొదలు. ఆ చిలుక ఆమె స్వామి దగ్గరికి పంపిన దూత అని నమ్మకం. ప్రేమకథల్లో చిలుక రాయబారం ఎంత పాతదో అందరికీ తెలుసు. ఇక్కడ అది నిత్యపూజలో భాగం.

ఇంత జరిగాక కూడా తిరుప్పావై చదివినంతగా నాచ్చియార్ తిరుమొళి చదవరు. రెండూ ఆమెవే. రెండోది 143 పాశురాల పుస్తకం. అందులో ఆమె స్వామిని తనకు దక్కించమని మన్మథుడికి నోము పడుతుంది. కోకిలను బతిమాలుతుంది, మేఘాలతో కబురు పంపుతుంది, స్వామి పెదవుల రుచి ఎలా ఉంటుందని శంఖాన్ని అడుగుతుంది. మనిషికి ఇచ్చి చేస్తే బతకనని తెగేసి చెబుతుంది. ఇందులో పెళ్ళి కలను చెప్పే పది పాశురాలు మాత్రం వైష్ణవ పెళ్ళిళ్ళలో వినిపిస్తాయి. మిగతావి చాలా ఇళ్ళలో పుస్తకంలోనే ఉండిపోతాయి. చేతిలో ఉన్న ఒకే గ్రంథంలో కొన్ని పేజీలు నిత్యపారాయణకూ, కొన్ని పేజీలు మౌనానికీ పోయాయి. పెద్దమ్మకు ఏ ప్రేమకథ ఇవ్వాలా అని వెతికేవారు ముందు చూడాల్సింది ఆమె దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకంలో తెరవని పేజీలు.

ఈ విషయం ఎంత సున్నితమో రాజపాళయం దగ్గరి నుంచి చూసింది. 2018 జనవరి 7న ఈ ఊళ్ళోనే దినమణి పత్రిక ఏర్పాటు చేసిన సభలో కవి వైరముత్తు ఆండాళ్ మీద ప్రసంగించారు. ఆమె పుట్టుక గురించి ఒక పరిశోధన వ్యాసంలోని మాటను ఉటంకించడంతో రాష్ట్రమంతా నిరసనలు వెల్లువెత్తాయి. ఆయన విచారం వ్యక్తం చేశారు. శ్రీవిల్లిపుత్తూరు జీయరు నిరాహార దీక్ష దాకా వెళ్ళారు. భక్తుల నొప్పి నిజం, కవి అభిమానమూ నిజమే కావచ్చు. ఆ వాదమంతా ఆమె ఎవరి కూతురు, ఏ కులం అన్నదాని చుట్టూ తిరిగింది. ఆమె ఏం పాడిందన్న మాట వెనకబడిపోయింది. ప్రేమ గురించి ఒక స్త్రీ తన నోటితో చెప్పినదాన్ని వినడం కన్నా, ఆమె ఎలాంటిదో తేల్చడం అందరికీ తేలిక. ఈ జాడ్యం నవలల విషయంలోనూ కనిపిస్తుంది. పాత్ర మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పేసి పుస్తకం మూసేసే పాఠకులు ఎక్కువ.

శ్రీకృష్ణదేవరాయలు అలా మూసేయలేదు. 1509 నుంచి 1529 దాకా రాజ్యమేలిన ఆ చక్రవర్తి కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగాడు. ఏకాదశి ఉపవాసం. తెల్లవారుజామున ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, సంస్కృతంలో చాలా రాశావు, నాకు తెలుగులో ఒక కావ్యం చెప్పు, శ్రీరంగంలో జరిగిన నా పెళ్ళి కథ చెప్పు అన్నాడని ఆముక్తమాల్యద పీఠికలో రాశాడు. అంటే తన ప్రేమకథను తెలుగులో చెప్పించుకోవాలని దేవుడే అడిగాడు. తన కథను తానే సిఫార్సు చేసిన దేవుడు మన సాహిత్యంలో ఆయనొక్కడే కాబోలు. భక్తికీ ప్రేమకథకూ పడదనేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద సాక్షి దొరకడు.

అయితే ఆముక్తమాల్యదలో ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఆ కల కాదు. ఆ ఆరు ఆశ్వాసాల్లో ఊరు ఊరంతా కనిపిస్తుంది. విల్లిపుత్తూరు పొలాల్లో, కాలువ గట్టున, బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు ఉతికి, పిండి మరిచిపోయిన బట్టలనుకుంటారు కావలివాళ్ళు. వాళ్ళ ఇళ్ళకు చేర్చేద్దామని పాపం రేవులోకి దిగుతారు. దిగగానే అవి పరుగులంకించుకుంటాయి. వరిచేలకు కాపలా కాసే ఆడపిల్లలు చూసి పకపకా నవ్వుతారు. దేవుడి పెళ్ళికి ఈ బాతులతో పనేమిటి? కథకు అక్కర్లేదు. కానీ ఈ నవ్వు లేకపోతే గోద ప్రేమ నిలబడే నేల ఉండదు.

వాన పట్టిన రోజుల వర్ణన మరీ దగ్గరి నుంచి చూసినది. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగాలి. దొరికిన నిప్పు తడి కట్టెల మీద రాజుకోదు, ఇంటి నిండా పొగ. బట్టలు ఆరవు. అలాంటి రోజుల్లో కూడా విష్ణుచిత్తుడి ఇంటికి అతిథులు వస్తారు. ఎండు కొబ్బరి ముక్కలు పొయ్యిలో పెట్టి వండుతారు. అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఏనుగుల సేనలు నడిపిన రాజుకు వంటింటి పొగ ఎలా తెలిసిందో గానీ, తెలిసింది. నవల అన్న ప్రక్రియ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే తెలుగులో నవలకు కావలసిన చూపు ఇక్కడ ఉంది. ఒక మనిషి ఆకలినీ, తడి బట్టలనూ ఇంత శ్రద్ధగా చూడటం దేవుణ్ణి చూసే అభ్యాసానికి వేరు కాదని ఈ కావ్యం నమ్మింది. వాస్తవిక నవలను భక్తిపరుల చేతికి ధైర్యంగా ఇవ్వడానికి ఇదే ఆధారం.

రాయల కావ్యాన్ని తిరిగి తమిళుల చేతికి అందించినవాడు రాజపాళయం వాసి. ము.కు. జగన్నాథ రాజా బహుభాషా పండితుడు. ఇంటి భాష తెలుగు, రచనా భాష తమిళం, ప్రాకృతం, పాళీ, సంస్కృతం సాధన చేసి సంపాదించుకున్నవి. 2008లో కన్నుమూశారు. ఆముక్తమాల్యదను తమిళంలోకి తెచ్చినందుకు ఆయనకు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. తమిళ అమ్మాయి కథ తెలుగు రాజు చేతిలో కావ్యమై, నాలుగైదు శతాబ్దాల తర్వాత పొరుగూరి తెలుగువాడి చేతి మీదుగా తమిళంలోకి తిరిగొచ్చింది. రాజపాళయంలో తెలుగు లిపి రాని రాజుల పిల్లలు తమ తాతల భాషలోని మహాకావ్యాన్ని తమిళ అక్షరాల్లో చదువుకునే వీలు అలా కలిగింది. తోటి పాఠకుడికి పుస్తకం చెప్పడంలో ఇంతకన్నా ఎక్కువ శ్రమ తీసుకున్నవారు ఈ ఊళ్ళో మరొకరు లేరు. వాడికి రాని భాషలో ఉందని తెలిసి, ఆ భాషే దాటించి ఇచ్చాడు.

ఆయన తమిళం చేసిన మరో పుస్తకం ఈ ప్రశ్నకు ఇంకా దగ్గర. శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతి. ఏడు వందల ప్రాకృత గాథలు, దాదాపు అన్నీ ప్రేమ గురించే. గోదావరి గట్లు, పొలంలో రైతు కోడళ్ళు, దారి తప్పిన బాటసారులు, దూరదేశం వెళ్ళిన మగడి కోసం రోజులు లెక్కపెట్టే భార్యలు. ఎవరూ రాజులు కారు, అప్సరసలు కారు. దీని మంగళాచరణ చూడాలి. సాయం సంధ్య వేళ శివుడు అర్ఘ్యానికి దోసిట నీళ్ళు పట్టాడు. ఆ నీళ్ళలో గౌరి ముఖం కనిపిస్తుంది, కోపంతో ఎర్రబడి ఉంది. సంధ్య అనే మరో స్త్రీకి మొక్కుతున్నాడని ఆమె అలక. పూజ జరుగుతూనే ఉంది, ఇల్లాలి అలకా సాగుతూనే ఉంది, రెండూ ఒకే దోసిట్లో. ఆ వెంటనే వచ్చే గాథ, ప్రాకృత కవిత్వం చదవకుండా ప్రేమతత్వం మాట్లాడేవాళ్ళను సిగ్గు లేదా అని నిలదీస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందటి పుస్తక సిఫార్సు అది.

భక్తీ ప్రేమా ఒకచోట ఉండటం తెలుగు నేల మీద అన్నివేళలా ఇంత హాయిగా సాగలేదు. ఆధునిక యుగం మొదట్లో దీన్ని బాగా చిక్కుముడి వేసినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. ఆయన మీద గౌరవం ఉంచుకునే ఈ మాట అనాలి. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, ప్రేమకూ కాపురానికీ దూరమైన ఆడపిల్లలకు నిజ జీవితంలో తలుపు తెరిచింది ఆయనే. గోల్డ్‌స్మిత్ నవల ఆధారంగా 'రాజశేఖర చరిత్రము' రాసి తెలుగులో వాస్తవిక నవలకు దారి వేసిందీ ఆయనే. కానీ తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' ఆయనకు సహించలేదు. ఒక స్త్రీ, పైగా వేశ్య, శృంగారాన్ని అంత విప్పి రాయడం ఆయనకు తప్పుగా కనిపించింది. రాధాకృష్ణుల కథే అయినా ఆ తప్పు మాయలేదు.

బెంగళూరు నాగరత్నమ్మ దీన్ని చూసి ఊరుకోలేదు. వ్రాతప్రతి వెతికి తెప్పించుకుని, పూర్తి పాఠం 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. 1947లో నిషేధం తొలగింది, 1952లో మళ్ళీ అచ్చయింది. ఈ నాగరత్నమ్మే తన సంపాదనంతా ధారపోసి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది, ఆరాధనలో స్త్రీలకు పాడే చోటు కోసం పోరాడింది. శృంగార కావ్యాన్ని అచ్చు వేయించిన చేతులూ రామభక్తుడి సమాధికి రాళ్ళు పేర్పించిన చేతులూ ఒక్కరివే. ఆమె జీవితంలో ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకోలేదు. తిరుమలలో తాళ్ళపాక వారి రాగిరేకుల్లో కూడా అన్నమయ్య సంకీర్తనలు అధ్యాత్మం, శృంగారం అని రెండు వరసలుగా ఉన్నాయి. ఎక్కువ భాగం శృంగారానిదే. వాటిని స్వామి సన్నిధిలోనే భద్రపరిచారు.

ఇక చలం. 'మైదానం' 1927 నాటిది. వకీలు భార్య రాజేశ్వరి, అమీర్‌తో ఇల్లు విడిచి వెళ్ళి ఊరికి దూరంగా మైదానంలో కాపురం పెడుతుంది. కథ ఆమె నోటనే వింటాం. చదవనివాళ్ళు దాన్ని విచ్చలవిడితనానికి పెట్టిన పేరుగా వాడతారు. చదివినవాళ్ళకు తెలుసు, ఆ ప్రేమ ఆమెను ఎన్నిసార్లు నలగ్గొట్టిందో. అసూయ ఉంది, గర్భం ఉంది, విడిచిపెట్టడం ఉంది, చావు ఉంది. స్వేచ్ఛ ఖరీదు ఎంతో చలం దాచలేదు, తగ్గించి చెప్పలేదు. నిజంగా జరిగినట్టుండే ప్రేమకథ కావాలన్న పాఠకుడికి ఇందులో ఉన్నంత నిజం అరుదుగా దొరుకుతుంది.

అదే చలం 1950లో తిరువణ్ణామలై చేరి, 1979లో కన్నుమూసేదాకా అరుణాచలం నీడనే ఉండిపోయాడు. ఆయనను రమణ మహర్షి దగ్గరికి నడిపించింది స్నేహితుడు చింతా దీక్షితులు. తెలుగు పాఠకులు చలాన్ని రెండుగా కోసేసుకున్నారు. ఒకరికి 'మైదానం' చలం కావాలి, ఆశ్రమం చలం ఓడిపోయినవాడు. మరొకరికి ఆశ్రమం చలం కావాలి, మైదానం ఆయన చేసిన పాపం. ఈ రెండు చదువులూ సగం సగమే. హద్దు లేకుండా ఇచ్చేసుకునే ప్రేమ ఎక్కడ ఉంటుందని రాజేశ్వరి చేత వెతికించిన మనిషే, తర్వాత అరుణాచలం కింద అదే వెతికాడు. టాగోర్ గీతాంజలినీ తెలుగు చేశాడు. ఆ పుస్తకంలో దేవుణ్ణి ప్రియుడిలా పిలిచే గొంతు వింటే, ఆయన ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచాడో, అది ఎంత దగ్గరి దారో తెలుస్తుంది. ఆండాళ్‌ను రోజూ పారాయణం చేసేవారికి ఈ నడక వింతగా అనిపించనక్కర్లేదు.

అయినా 'మైదానం' ఎవరి చేతికైనా ఎప్పుడైనా ఇచ్చేయొచ్చని దీని అర్థం కాదు. వేదాంత గ్రంథాలు మొదట్లోనే నాలుగు సంగతులు చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నాయి: ఈ గ్రంథం ఎవరికి, దేని గురించి, ఆ రెంటికీ సంబంధం ఏమిటి, చదివితే కలిగేదేమిటి. మొదటిది అధికారి. శాస్త్రకారుడు తన పాఠకుణ్ణి తానే ఎంచుకుంటాడు. నవలాకారుడికి ఆ వీలు లేదు. పుస్తకాన్ని అంగట్లో పెట్టి వెళ్ళిపోతాడు. అధికారిని చూసే బాధ్యత తోటి పాఠకుడి మీద పడుతుంది. ఈ మాటను పాఠకులను పైవాళ్ళు కిందివాళ్ళు అని విడగొట్టడానికి వాడితే వీరేశలింగం గారి చిక్కులోనే పడతాం. ఇక్కడ చూడాల్సింది యోగ్యత కంటే సమయం. భర్త పోయి నెల తిరగని మనిషికి, పెళ్ళి తప్పిపోయిన పిల్లకు, ఏ పుస్తకం ఇప్పుడు, ఏది ఏడాది తర్వాత అన్నది ఆ మనిషి తెలిస్తే గానీ చెప్పలేం. ఆలంకారికులు సహృదయుడు అన్నది ఇలాంటివాణ్ణే. కవి గుండె తెలిసినవాడు, ఎదుటి పాఠకుడి గుండె కూడా తెలిసినవాడు.

రాజపాళయం పాఠకుడికి మొదటగా ఇవ్వదగింది కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం'. 1976 నవల. ఆయన కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగువాడు, తమిళంలో రాసినవాడు, 2021లో పోయారు. ఈ నవల తర్వాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మంగత్తాయారు అనే నూరేళ్ళు దాటిన అవ్వ కథ చెబుతుంది. చెన్నాదేవి అనే అందమైన పిల్లను ఒక ప్రభువు కోరడంతో, తెలుగు కుటుంబాలు రాత్రికి రాత్రే ఊరు విడిచి దక్షిణానికి నడుస్తాయి. దైవబలంతో ఏరు దాటిన ముచ్చటలుంటాయి, నల్లరేగడి నేలను బాగు చేసుకున్న చెమటా ఉంటుంది. ఆ ఇంటి మాటలు రాజపాళయం ఇళ్ళలోనూ వినిపించేవే. తమ వలస కథను అవ్వలు ఎలా చెప్పారో గుర్తున్నవారికి ఇది చదువు కన్నా ఎక్కువ. ఇందులో ప్రేమ పెద్దగా లేదని ఎవరైనా అంటే, ఆడపిల్ల ఇష్టం కోసం ఒక జాతి నేల మార్చుకోవడం ప్రేమ కాదా అని తిరిగి అడగొచ్చు.

రెండోది, తెలుగు లిపి రానివారికి చదివి వినిపించాల్సినది, విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'. మధుర నాయకరాజుల కాలం, వైగై ఒడ్డు. రాజపాళయం నుంచి రెండు గంటల దారి. ఇద్దరు స్నేహితులు, ఇద్దరు స్త్రీలు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళలో ఒకరు ప్రేమించినవారు మరొకరి ఇంట్లో అడుగుపెడతారు. 1969లో సినిమాగా కూడా వచ్చింది. ఇది 'మైదానం'కు ఎదురుగా నిలబడే నవల. రెంటిలోనూ పెళ్ళయిన స్త్రీ మనసు మరొకరి మీద ఉంది. చలం ఆమెను గడప దాటించాడు, విశ్వనాథ గడప లోపలే ఉంచి ఆ ఉంచడం ఎంత నరకమో రాశాడు. ధర్మం గెలిచిందని చంకలు గుద్దుకోవడానికి 'ఏకవీర'లో వీలు లేదు. ధర్మాన్ని నమ్మిన రచయితే దాని కింద నలిగిన మనుషుల లెక్క చూపించాడు. ఈ రెండు నవలలూ ఒకదాని వెంట ఒకటి చదివినవారికి ప్రశ్న మరింత బరువెక్కుతుంది, అది మంచిదే. అందుకే 'ఏకవీర' ముందు, 'మైదానం' తర్వాత. వరస తిరగేస్తే రెండోది మొదటిదానికి ఇచ్చిన శిక్షలా కనిపించే ప్రమాదం ఉంది.

పెద్దమ్మ సంగతి వేరు. ఆమెకు తమిళం చదవడం వచ్చు, తెలుగు వినడం వచ్చు. నాచ్చియార్ తిరుమొళి ఆమె పూజగదిలోనే ఉంది. మన్మథుడి నోము దగ్గర మొదలుపెట్టి, రోజుకు పది పాశురాలు, పక్కన ఎవరైనా కూర్చుని చదివితే రెండు వారాల పని. ఆ తర్వాత జగన్నాథ రాజా తమిళ ఆముక్తమాల్యద ఆమె చదువుకుంటుంటే, తెలుగు లిపి వచ్చినవారు అవే పద్యాలు మూలంలో పైకి చదవాలి. పదం పదం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. బాతుల దగ్గర ఆమె నవ్వుతుంది, వడియాలూ వరుగులూ రాగానే గుర్తుపడుతుంది. అప్పుడు 'మైదానం' గురించి చెప్పొచ్చు: ఇదొక ఆడమనిషి తన కథ తాను చెప్పుకున్న పుస్తకం, చాలా బాధ ఉంది, నేను చదివి వినిపిస్తాను, మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపమనండి, ఆపిన చోటి నుంచి ఇద్దరం మాట్లాడుకుందాం, అని.